రాయప్ప చెవికర్ర

మామిడి కర్ర ఒక కొసను పళ్ల మధ్య బిగించి, రెండో కొసను ఇంజన్‌కు ఆనించి, రాయప్ప కళ్లు మూసుకున్నాడు. ఆయిల్ ఇంజన్ల పక్కనే బతికిన చెవులు ఎప్పుడో మూతబడ్డాయి. ఇప్పుడు మోతంతా పళ్లలోంచే తలకెక్కాలి. మామిడి మెత్తని కర్ర కాబట్టి కొసన గాట్లు లోతుగా దిగాయి. నూజివీడులో అందరూ దాన్ని చెవికర్ర అంటారు.

“పొద్దున్నే ఆ నమలడం ఏంటయ్యా!” అని భార్య మగ్దలేనమ్మ రోజూ విసుక్కుంటుంది. వినపడదు కాబట్టి రాయప్ప రోజూ నవ్వుతాడు.

అది పందెం బండి, మోటారు సైకిలు. అతను తయారుచేసిన నాలుగోది. యుద్ధం నాటి మిలిటరీ ఇంజన్ సంపాదించి, పాత పిస్టన్లు కరిగించి దానికి కొత్త పైమూత పోతపోశాడు. ట్యాంకు రేకును సుత్తితో కొట్టి కొట్టి, నడిపే బావమరిది సువర్ణరాజు మోకాళ్లు ఇమిడేలా రెండు పక్కలా గుంటలు తీశాడు. వెనక ఏ కంపెనీ లేదు. రేకుల షెడ్డు, రెండు చేతులు, అంతే.

ముందరి మూడు బళ్లూ మద్రాసు పందేల్లో పరుగెత్తాయి. ఒక్కటీ అతను చూడలేదు. ఆ పందేలు సరిగ్గా మామిడి పూత మీదున్న రోజుల్లోనే పెడతారు. పూతకు మందు కొట్టే ఇంజన్లు మొరాయించేదీ అప్పుడే. తోటలవాళ్లకు రాయప్ప తప్ప దిక్కులేదు మరి. ఈ ఏడు, పంతొమ్మిది వందల అరవై నాలుగులో, తెగించి వెళ్తానన్నాడు. దగ్గుతో ఊపిరి ఆడటం లేదు. పై ఏటికి ఉంటానో లేదోనని బెంగ. మగ్దలేనమ్మ అతను ఆదివారం గుడికి తొడుక్కునే చొక్కా ఉతికి సంచిలో పెట్టింది. బండిని మద్రాసు తీసుకెళ్లే లారీ మధ్యాహ్నానికి వస్తుంది.

లారీ కంటే ముందు ఆగిరిపల్లి నుంచి తోట కౌలుదారు కోటేశ్వరరావు సైకిల్ మీద రొప్పుతూ వచ్చాడు.

“మందు ఇంజన్ ఆగిపోయింది రాయప్పా! పురుగు పూతంతా తినేస్తోంది” అని చెవిలో అరిచాడు.

మగ్దలేనమ్మ మొగుడి చెయ్యి పట్టుకుంది. “ఈ ఒక్కసారికీ వెళ్లకయ్యా!”

మాట వినపడకపోయినా ఆ చెయ్యి అతనికి అర్థమైంది.

“పూత పోతే ఏడాదంతా ఏం తింటాడే? చిటికెలో వచ్చేస్తా” అంటూ చెవికర్ర పట్టుకుని సైకిల్ వెనకెక్కాడు.

ఆ చిటికె సాయంత్రం దాకా సాగింది. ఇంజన్ తిరిగి, మందు పూత మీద పడేదాకా అతను కదల్లేదు. పాపం, ఇల్లు చేరేసరికి షెడ్డు ఖాళీ.

“చాలాసేపు ఆగారు. ఇంకెంతసేపని ఆగుతారు?” అని మగ్దలేనమ్మ అరిచి చెప్పింది.

“వెళ్లేటప్పుడు ఎలా మోగింది?”

“లారీకెక్కించారు కదయ్యా. మోగలేదు.”

నవ్వబోతే దగ్గొచ్చింది. బండి నిలబెట్టిన చోటే, నూనె మరకల పక్కన గోనె పరుచుకుని పడుకున్నాడు. ఆమె గంజి తెచ్చి లేపితే లేవలేదు.

సమాధి చేశాక సువర్ణరాజు బండితో తిరిగొచ్చాడు. “రెండోవాణ్ణి వచ్చానక్కా. ముందొచ్చింది ఇంగ్లాండు నుంచి తెచ్చిన సీమబండి ఒక్కటే. బావకి ఎట్టా చెప్పేది?” అని షెడ్డులో కూలబడి ఏడ్చాడు.

“ఏదీ, ఓసారి స్టార్టు చెయ్యిరా” అంది మగ్దలేనమ్మ.

అతను స్టార్టు చేశాడు. ఆమె చెవికర్ర అందుకుని కొస పళ్ల మధ్య బిగించి, రెండోది ఇంజన్‌కు ఆనించింది. మోత దవడల్లోంచి తలంతా నిండింది. ఇన్నేళ్లూ మొగుడు ఒక్కడే విన్నది ఇదన్నమాట. ఆమెకు కన్నీళ్లు ఆగలేదు.

బండి ఆపాక కర్రను గూట్లో పెట్టింది. రాయప్ప గాట్ల పక్కనే కొత్తగా రెండు గాట్లు, ఇంకా తడిగా.