రంగు తేడా

పంటి రంగులో ఉండే ఫిల్లింగు పొగాకు నమిలేవాళ్ళ నోట్లో ఎంత త్వరగా రంగు మారుతుంది? డెంటల్ కాలేజీలో మనోజ్ఞ పీజీ పరిశోధన అదే. ఒంగోలు దగ్గర షెడ్డులో పొగాకు గ్రేడింగ్ చేసే ఆడవాళ్ళకి ముందుపళ్ళలో ఉచితంగా ఫిల్లింగులు పెట్టింది. నెలనెలా పిలిపించి, పెన్ను లాంటి మిషను మొనను పంటికి ఆనించేది. మొదటి రోజు రంగుకీ ఇప్పటి రంగుకీ తేడా అంకెగా వచ్చేది. కంటికి ఆనని తేడా కూడా దానికి దొరికిపోయేది. ఆ అంకెల మీదే ఆమె ప్రాణమంతా.

వచ్చేవాళ్ళలో నాగజ్యోతి అంటే ఆమెకి మహా ఇష్టం. చెప్పిన రోజు చెప్పినట్టు వచ్చే మనిషి. రోజంతా బుగ్గన పొగాకు ఉండాల్సిందే కనుక అంకె కూడా బ్రహ్మాండంగా పెరుగుతోంది.

వేసవిలో ఒకసారి నాగజ్యోతి పొగాకు మానేస్తానంది. వాసనకి మనవరాలు దగ్గరికి రావడం లేదట. మానేస్తే మనోజ్ఞ అంకె అక్కడితో ఆగిపోతుంది. అప్పటికే కొందరు రావడం మానేశారని గైడు రామకాంత్ గారు చీవాట్లు పెట్టి ఉన్నారు.

"ఇది అయ్యేదాకా ఏమీ మార్చొద్దండీ. ఎలా ఉన్నారో అలాగే ఉండండి," అంది.

నాగజ్యోతి నవ్వింది. "సర్లేమ్మా. మీ చదువు చెడగొడతానా?"

డాక్టరు చదువు చదివిన మనిషి అనాల్సిన మాటేనా అది? ఆ పూట మాత్రం మనోజ్ఞకి హాయిగా నిద్రపట్టింది.

ఆఖరి కొలత రోజు నాగజ్యోతి నోరు సరిగ్గా తెరుచుకోలేదు. ప్రతిసారీ బుగ్గల్ని పక్కకి లాగి పట్టే ప్లాస్టిక్ క్లిప్పు ఈసారి లోపలికి పోలేదు. మనోజ్ఞ దాన్ని పక్కన పెట్టి, వేలితోనే బుగ్గ పక్కకి లాగింది. ఇన్నాళ్ళూ క్లిప్పు కప్పేసిన చోట తెల్లటి మచ్చ, దాని నడుమ ఎర్రటి పుండు. అంచు వేలికి గట్టిగా తగిలింది. ఫిల్లింగుకి వేలెడు దూరం కూడా లేదు. అక్కడ మారిన రంగు చూడడానికి ఏ మిషనూ అక్కర్లేదు, కళ్ళుంటే చాలు.

ఎన్నాళ్ళ నుంచి అని అడిగింది. వానలప్పటి నుంచీ కారం తింటే మంటగా ఉంటోందనీ, షెడ్డులో అందరికీ ఉండేదే కదా అని చెప్పలేదనీ అంది నాగజ్యోతి. మనోజ్ఞ చిన్న ముక్క తీసి పరీక్షకి పంపాలని మాత్రం చెప్పగలిగింది. ఎందుకో చెప్పడానికి నోరు రాలేదు.

మిషను బల్ల మీదే ఉండిపోయింది. నాగజ్యోతి దానివైపు చూసింది, మనోజ్ఞ మొహంలోకి చూసింది. తన వల్లే ఏదో చెడిందనుకుంది పాపం.

"నేను మాట తప్పలేదు డాక్టరమ్మా," అంది. "మీరు చెప్పినట్టే, ఒక్క పూట కూడా మానలేదు."