పన్నెండో ఎపిసోడులో మారిన మాట

సాయంత్రం ఐదున్నరకు టీవీ ముందు ముగ్గురు కూర్చున్నారు: రచయిత్రి, ఆమె ఎనిమిదేళ్ళ కూతురు, అత్తగారు. వస్తున్నది జపాన్ వాళ్ళు తీసిన బొమ్మల సీరియల్. సముద్రం ఒడ్డున లైట్‌హౌస్‌లో తాతతో ఉండే ఒక ఆరేళ్ళ పిల్లవాడి కథ అది. తల్లి పట్నంలో నర్సు ఉద్యోగం చేస్తోంది, ఎండలు రాగానే తిరిగొస్తుంది.

దాని డబ్బింగుకు మాటలు రాస్తున్నది ఈ రచయిత్రే. పదకొండేళ్ళుగా ఆమెకు ఇదే పని. ఛానెల్ పంపిన ఇంగ్లీషు స్క్రిప్టు పక్కన పెట్టుకుని, బొమ్మ నోరు ఎన్నిసార్లు తెరుచుకుంటే అన్ని అక్షరాలు పడేలా, మూసుకున్నచోట మాట ఆగేలా రాయాలి. రాస్తూ పైకి చదువుకోవడం ఆమెకు అలవాటు. అందుకని ప్రతి ఎపిసోడూ టీవీలో రాకముందే కూతురికి కంఠతా వచ్చేసేది.

తెర మీద పిల్లవాడు గడపలో కూర్చుని ఒక జత ఆడవాళ్ళ బూట్లు ఒళ్ళో పెట్టుకున్నాడు, చేతిలో తుడుపుగుడ్డ. “అమ్మా, నీ బూట్లు తుడిచి పెట్టాను,” అన్నాడు.

కూతురు గబుక్కున ఇటు తిరిగింది. “నువ్వు ఇలా రాయలేదుగా! ‘వచ్చేటప్పుడు కొత్త బూట్లు తీసుకురా’ అని కదా రాశావు?”

“ఎవరు రాస్తేనేం, మాట బాగుంది కదే,” అంది అత్తగారు, తెర మీంచి కళ్ళు తిప్పకుండా.

రచయిత్రికి ఒళ్ళు మండింది. కానీ మంటకన్నా ముందు లోపల ఏదో పురుగు తొలవడం మొదలుపెట్టింది. పోయిన వారం కూడా ఒక మాట మారింది. మైకు ముందు నోరు జారి ఉంటుందిలే అని వదిలేసింది. అంతకుముందు వారం ఇంకొకటి. మూడూ పిల్లవాడి మాటలే. మూడూ తల్లి గురించినవే. అసలు బాధ ఏమిటంటే, మూడూ ఆమె రాసినవాటికన్నా ఒక పిసరు మెరుగ్గానే ఉన్నాయి.

ఎవరో తన వెనకాల తన కాగితాల మీద కలం పెడుతున్నారు.

స్టూడియో యజమాని ఈ మధ్య రెండుసార్లు, “కొత్తవాళ్ళని కూడా పైకి తీసుకురావాలమ్మా,” అన్నాడు. ఎందుకన్నాడా అని అప్పుడు ఆలోచించలేదు. ఇప్పుడు తట్టింది. పిల్లవాడికి గొంతు ఇచ్చే ఆవిడకు ఒక చెల్లెలి కూతురుంది. పత్రికలకు కథలు రాస్తుంది. పోయిన నెలలో పెద్దమ్మను చూడ్డానికని స్టూడియోకు వచ్చి, మధ్యాహ్నమంతా కుర్చీలో కూర్చుని నోటుబుక్కులో ఏదో రాసుకుంది. ఏం రాసుకుంది?

మర్నాడు పొద్దున్నే వెళ్ళి స్టూడియోలో బీరువా తెరిచింది. కింద జెరాక్స్ షాపు, పైన రెండు గదులు, అదే స్టూడియో. గోడలకు కొట్టిన దళసరి గుడ్డలోంచి ఎప్పుడూ ఒక ముక్కవాసన. పన్నెండో ఎపిసోడు ఫైలు తీసి బూట్ల కాగితం వెతికింది. తను రాసిన వాక్యం పక్కన ఎవరో పెన్సిలుతో రాసి చెరిపేశారు. కిటికీ దగ్గర వెలుతురుకు పట్టి చూస్తే ‘తుడిచి’ అన్న మాట ఒక్కటే చదవడానికొచ్చింది.

“ఇదెవరి చేతిరాత?” అని సౌండు ఇంజనీరును అడిగింది.

ఇంజనీరు నీళ్ళు నమిలాడు. “ఏమో మేడం. నోరు తిరక్కపోతే అక్కడక్కడ సర్దుకుంటారు కదా.”

“నేను రాసిన మాటకి నోరు తిరగలేదా? ఎవరికి?”

“నాకు మీటలు తప్ప ఏం తెలుసు మేడం,” అని హెడ్‌ఫోన్లు తగిలించేసుకున్నాడు. వాటి వైరు ఎక్కడా గుచ్చి లేదు. అది ఆమె చూసింది.

పదిహేనో ఎపిసోడు రికార్డింగు గురువారం. మామూలుగా ఆమె కాగితాలు ఇచ్చేసి వెళ్ళిపోతుంది. ఆ రోజు కూడా అత్తగారిని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలని చెప్పి మెట్లు దిగింది. పావుగంట ఆగి, ఇంజనీరు టీకి వెళ్ళిన సమయం చూసి మళ్ళీ ఎక్కింది. బీరువా వెనక స్టూలు మీద కూర్చుంది. నలభై రెండేళ్ళు వచ్చి ఇలా నక్కి కూర్చోవడమేమిటని సిగ్గేసింది గానీ కదల్లేదు.

గాజు పలకకు అవతల మైకు ముందుకు బాబక్క వచ్చి నిలబడింది. ఆవిడకు యాభై ఎనిమిదేళ్ళు. ముప్పై ఏళ్ళుగా మగపిల్లలకు గొంతు ఇస్తూండడంతో అందరూ బాబక్క అంటారు. తెర మీద పిల్లవాడు దీపం గది కిటికీలోంచి చెయ్యూపుతున్నాడు. రచయిత్రి అక్కడ, “అమ్మా, నేను కనబడుతున్నానా? నవ్వు మరి!” అని రాసింది. స్క్రిప్టులో బ్రాకెట్లో ‘నవ్వుతూ’ అని ఉంది కూడా.

బాబక్క కాగితం చూసి పెదవి విరిచింది. “తమ్ముడూ, ఒరిజినల్ ఇంకోసారి వెయ్యి.”

ఇంజనీరు వేశాడు. ఆవిడ కళ్ళు మూసుకుని హెడ్‌ఫోన్లలో విన్నది. “మళ్ళీ వెయ్యి.” మూడుసార్లు విన్నాక, “ఇది నవ్వు కాదు,” అంది. చెవి వెనక నుంచి పెన్సిలు తీసింది.

అంతే. రచయిత్రి బీరువా వెనక నుంచి లేచి వచ్చింది. ఇంజనీరు చేతిలో టీ తొణికింది.

“ఏంటక్కా ఇది? నా పొట్ట కొట్టాలని ఎన్నాళ్ళనుంచి అనుకుంటున్నారు మీరు? మీ చెల్లెలి కూతురికి పని ఇప్పించుకోవాలంటే నన్నే అడగొచ్చుగా. ఈ దొంగచాటు వ్యవహారమేంటి?”

బాబక్క తెల్లబోయింది. “దానికి పనేంటి? అది బ్యాంకు పరీక్షకి చదువుకుంటోంది.”

“మరి ఎవరికోసం మారుస్తున్నారు?”

“ఎవరికోసం ఏంటమ్మా... నీకు చెబితే బాధపడతావని చెప్పలేదు. ఇలా రా. విను.” హెడ్‌ఫోన్లు తీసి ఆమె చెవులకు పెట్టింది.

జపాన్‌లో పిల్లవాడికి గొంతు ఇచ్చిన నటి మాట వినిపించింది. చిన్న మాట, ఉత్సాహంగానే మొదలైంది. చివర ఊపిరి తెగింది. మళ్ళీ అందుకోవడానికి ప్రయత్నించి ఊరుకున్నట్టు ఒక చిన్న చప్పుడు.

“మీకు జపాన్ భాష వచ్చా?” అంది రచయిత్రి. ఆమె గొంతులో అనుమానం ఇంకా తగ్గలేదు.

“రాదు. ఏడుపు వచ్చు. ముప్పై ఏళ్ళనుంచి పిల్లల ఏడుపులే కదా నేను ఏడుస్తున్నది. ఆ పిల్లాడు వాళ్ళమ్మ పేరు ఎత్తినప్పుడల్లా ఇలాగే చేస్తాడు. నీ కాగితం చూస్తే నవ్వమంటుంది. నా వల్ల కావట్లేదమ్మా.”

ఈవిడ మహానటి, నమ్మడానికి వీల్లేదు అనుకుంటూ రచయిత్రి ఇంటికొచ్చింది. కానీ ఆ తెగిన ఊపిరి మాత్రం చెవిలో ఉండిపోయింది.

తేల్చుకోవలసిందే. వాళ్ళ కాలనీ చివర ఒక పెద్దమనిషి ఉన్నాడు. యంత్రాల ఫ్యాక్టరీలో జపాన్ ఇంజనీర్లకు దుబాసీగా పనిచేసి రిటైరయ్యాడు. బతిమాలి ఆయన్ని స్టూడియోకు తీసుకొచ్చింది. ఇంజనీరు మొదటి ఎపిసోడు ఒరిజినల్ గొంతులతో వేశాడు. దుబాసీ పది నిమిషాలు చూసి చెయ్యెత్తి ఆపమన్నాడు.

“ఈ పిల్లాడి తల్లి పట్నంలో ఉందని ఎవరు చెప్పారమ్మా మీకు?”

“స్క్రిప్టులో అలాగే ఉందండీ.”

“ఆవిడ పోయింది. కథ మొదలయ్యేసరికే పోయింది. పడవ మునిగి. తాత మొదటి మాటే అది. ఈ పిల్లాడు మాట్లాడుతున్నది పోయిన తల్లితో.” కళ్ళజోడు తీసి తుడుచుకుని, ఇంజనీరు పన్నెండో ఎపిసోడులో బూట్ల చోటు వేస్తే అదీ చూశాడు. “ఆ బూట్లు ఆవిడవి. తుడిచి పెట్టానంటున్నాడు.”

రచయిత్రి పక్కనే ఉన్న బాబక్క వైపు చూడలేకపోయింది. పన్నెండు వారాలుగా లక్షల ఇళ్ళలో పిల్లలకు అమ్మ వచ్చేస్తుందని చెప్పింది తనే. ఎవరో తన చెవిలో పువ్వు పెట్టారు, దాన్ని అందమైన మాటల్లో చుట్టి తను అందరి చెవుల్లోనూ పెట్టింది.

అయితే ఎవరు? మిగిలిన స్క్రిప్టులన్నీ ముందేసుకుని కూర్చుంది. ఆఖరిదైన ఇరవై ఆరో ఎపిసోడు ఆఖరి పేజీలో ఒక వాక్యం కనబడింది: ‘తల్లి గొంతు, తలుపు అవతల నుంచి: నేను వచ్చేశాను!’ ఒరిజినల్ తెప్పించి విన్నది. ఆ చోట తల్లి గొంతు లేదు. ఏ గొంతూ లేదు. మూసిన తలుపు, సముద్రం చప్పుడు, అంతే.

ఛానెల్ అధికారికి ఫోను చేసింది. “ఈ స్క్రిప్టు మీకెక్కడిదండీ?”

“మధ్యలో కొని అమ్మే కంపెనీ వాళ్ళు ఇచ్చారు. ఇంకో దేశం కోసం కాస్త మెత్తగా చేయించుకున్నారట. ఏం, బాలేదా?”

“అంటే తల్లి చనిపోయిందని మీకు తెలుసు.”

“పిల్లలు చూసే టైమమ్మా. మధ్యలో చావులెందుకు? మీరు కాగితంలో ఉన్నది రాయండి, చాలు,” అని పెట్టేశాడు.

అసలు అర్థమే రాద్దామని అడిగితే యజమాని మొదట రెండు చేతులూ ఎత్తేశాడు. “వాళ్ళు పని ఇస్తేనే మనకి పొయ్యి వెలిగేది. నన్ను ఇరికించకండి.” ఇంజనీరు ఆయనకు కూడా హెడ్‌ఫోన్లు పెట్టాడు, ఈసారి వైరు గుచ్చి. పదిహేనో ఎపిసోడులో పిల్లవాడి మాట వినిపించాడు. యజమాని తీసి బల్ల మీద పెట్టి, “నేనేం వినలేదు. మీరేం చేస్తారో నాకు చెప్పొద్దు,” అని బయటికి వెళ్ళిపోయాడు. దాన్ని అనుమతి కిందే లెక్కేసుకున్నారు.

ఆ రోజు నుంచి రచయిత్రి రాసే పద్ధతి మారింది. ముందు దుబాసీ చెప్పిన అర్థం, తర్వాత ఒరిజినల్ గొంతు, ఆ తర్వాతే కలం. తల్లి చనిపోయిందని ఎక్కడా రాయలేదు, ఛానెల్‌లో పట్టుకుంటారని. కానీ వస్తుందని కూడా రాయలేదు. ‘అమ్మ ఎప్పుడొస్తుంది తాతా?’ అని స్క్రిప్టులో ఉన్నచోట, ‘అమ్మకి ఈ పాట ఇష్టం కదా తాతా?’ అని పడింది. ప్రతి మాటా ముందు బాబక్కకు చదివి వినిపించేది. అప్పుడప్పుడు, ఈవిడ పొగుడుతోందంటే ఏదో తేడా ఉందేమోనని మళ్ళీ పాత పురుగు కదిలేది. ఒకసారి ఆ మాట పైకే అనేసింది. బాబక్క పడీపడీ నవ్వి, “ఆ అనుమానం మానకు తల్లీ. నువ్వు అనుమానించకపోతే నేనింకా పెన్సిలుతో గీకుతూ ఉండేదాన్ని,” అంది.

ఇరవై ఆరో ఎపిసోడులో తల్లి గొంతు రికార్డు చెయ్యలేదు. ప్రసారమయ్యే రోజున రచయిత్రి గుప్పెట్లో ప్రాణాలు పెట్టుకుని కూర్చుంది. తెర మీద మూసిన తలుపు, సముద్రం. ముగింపు పాట వచ్చేసింది.

పాట అయ్యాక కూతురు అడిగింది. “ఆవిడ రాదు కదమ్మా?”

“రాదు.”

“నాకు ముందే తెలుసు. వాళ్ళమ్మ గురించి అడిగితే తాత ఎప్పుడూ కిందికే చూస్తాడు.”

బొమ్మలు గీసినవాళ్ళు చెప్పవలసింది చెబుతూనే ఉన్నారు. పిల్లలు చూస్తూనే ఉన్నారు. వినబడకుండా అడ్డం పడింది కాగితాలే.

ఛానెల్ అధికారి రెండు రోజుల తర్వాత యజమానికి ఫోను చేసి చెడామడా తిట్టాడు. తర్వాతి సీరియల్ వేరే స్టూడియోకు పోయింది. దాదాపు ఏడాది పాటు వాళ్ళు ప్రకటనలకూ యంత్రాలు వాడే విధానం చెప్పే వీడియోలకూ గొంతులిచ్చి నెట్టుకొచ్చారు. బాబక్క ఒక వాషింగ్ మెషీన్‌లా కూడా మాట్లాడింది.

సెలవుల్లో అదే సీరియల్‌ను పొద్దుటిపూట మళ్ళీ వేశారు. రచయిత్రి రోజూ చూసింది, ఒక్క మాట కూడా మారలేదు. ఆఖరి ఎపిసోడు ఆఖరి నిమిషంలో, సముద్రం చప్పుడు మీద, ఎవరో కొత్త ఆడమనిషి తియ్యగా అంది: “నాన్నా, నేను వచ్చేశాను!”

ఎక్కడో ఇంకో గదిలో, ఇంకో మైకు ముందు ఎవరినో నిలబెట్టి అతికించారు. కూతురు తెర దగ్గరికి జరిగి తలుపు బొమ్మను వేలితో తాకింది.

“అమ్మా, ఎవరీవిడ? నిజంగా వచ్చేస్తే తలుపెందుకు తియ్యలేదు?”

“నువ్వే చెప్పు,” అంది రచయిత్రి.

కూతురు కళ్ళు చిన్నవి చేసి, తలుపును పరీక్షగా చూసింది. “ఈవిడ వాళ్ళమ్మ కాదు,” అని తేల్చి చెప్పి, లేచి టీవీ కట్టేసింది.