పీటెక్కిన గుడ్డబొమ్మ

నేను ఒక గుడ్డబొమ్మను. అందగత్తెనని చెప్పుకోను, ఒక కన్ను నల్ల బొత్తాం, రెండోది గోధుమరంగుది. చీరాలలో వీరరాఘవమ్మ తన పాత నేతచీర చించి, దూది కూరి నన్ను కుట్టింది. కుడుతున్నంతసేపూ మాట్లాడుతూనే ఉంది. ఆ మాటలన్నీ దూదితోపాటు నా కడుపులోకి పోయాయి. అందుకే నేనూ ఇంత వసపిట్టనయ్యాను.

నన్ను కుట్టింది మనవరాలు పూజిత కోసం. పద్నాలుగేళ్ల పిల్ల, బుద్ధి నిదానంగా ఎదుగుతోంది. ఆ ఏడే పెద్దమనిషయింది. వీధిలో ఏ ఆడపిల్లనైనా అప్పుడు పీట మీద కూర్చోబెట్టి, నువ్వులూ బెల్లం దంచిన చిమ్మిలి తినిపించి పాటలు పాడతారు. పూజితకు మాత్రం తలుపు మూశారు. పైగా గర్భసంచి తీయించేస్తే నెలనెలా ఈ బాధ ఉండదని వాళ్లమ్మ ఝాన్సీకి ఎవరో చెప్పారు.

"రేపు నేను పోతే దీనికి గుడ్డలెవరు మారుస్తారత్తా?" అంది ఝాన్సీ.

"జబ్బు లేందే కోతెందుకే? నాలుగు నెలలు నాకొదిలెయ్. నేర్పుతా" అంది వీరరాఘవమ్మ.

మనుషులు పెళ్లి కబుర్లు మైకు పెట్టి చెబుతారు గాని, ఈ సంగతికి గుసగుసలాడతారు. గుసగుస పూజితకు అర్థం కాదు. అందుకని ముసలావిడ నన్ను పీటెక్కించింది! పసుపు రాసి, చిమ్మిలి అందించింది. నాకు నోరు కుట్టలేదు కదా, పూజితే తినేసింది. తర్వాత నా లంగా కింద కుంకుమ నీళ్లు చల్లి, "ఇప్పుడేం చెయ్యాలే?" అని చిన్న ప్యాడ్ చేతికిచ్చింది.

పూజిత దాన్ని నా తలకు కట్టింది. రెండోసారి నాయనమ్మ మోకాలికి. మూడో నెలకు తనకు తానే మార్చుకుని, వాడినది కాగితంలో చుట్టి, చేతులు కడుక్కుని, చిమ్మిలి కోసం చెయ్యి చాచింది. ఇంకో పాఠం కూడా వచ్చింది: అడక్కుండా ఎవరు ముట్టుకున్నా కేకెయ్యాలని.

అయినా ఝాన్సీకి దిగులు పోలేదు. సంచి తీయిద్దామనే ఆసుపత్రికి తీసుకెళ్లింది. పూజిత నన్ను చంకనెత్తుకుంది. డాక్టరమ్మ కాగితాలు చూస్తుండగా నర్సు ముచ్చటపడి నన్ను తీసుకుని, లంగా ఎత్తింది.

"అడగవా?" పూజిత కేకకు వరండా అంతా తొంగిచూసింది. "దాన్ని అడగవా నువ్వు?"

నర్సు నాలుక్కరుచుకుని నాకు సారీ చెప్పింది. డాక్టరమ్మ నవ్వి, కలం కింద పెట్టింది. "మరి నిన్నెవరన్నా అడిగారా తల్లీ?"

ఝాన్సీ కూతురివైపు తిరిగింది. పుట్టినప్పట్నుంచీ అన్నం కలిపింది, జడలు వేసింది. అడగడం ఇదే మొదలు.

"చిట్టీ, కడుపు కోసి లోపలి సంచి తీసేస్తారంట. ఇంక నెలనెలా రక్తం రాదు. చేయిద్దామా?"

"వద్దు. కొయ్యొద్దు. నేను మార్చుకుంటాగా."

"జబ్బు లేదు, పిల్ల వద్దంటోంది. నేను కొయ్యను" అని డాక్టరమ్మ కాగితాలు తిరిగిచ్చేసింది.

ఇది జరిగి రెండేళ్లు. ఇప్పుడు నేను ప్రత్యేక పిల్లల బడిలో ఇదే పాఠం నేర్పడానికి ఉన్నాను. దూది ఉండలు కట్టింది, ఎందరో ఆడపిల్లలు నా తలకు ప్యాడ్లు కట్టారు. అయినా నాకెక్కువగా గుర్తొచ్చేది ఆసుపత్రి బయట టిఫిను బండి. ఇన్నేళ్లూ అడక్కుండా ఇడ్లీ పెట్టించిన ఝాన్సీ, "ఇడ్లీ తింటావా, అట్టు తింటావా?" అంది.

పూజిత ఆలోచనలో పడింది. రెండు బస్సులు వెళ్లిపోయాయి. ఝాన్సీ అలాగే నిలబడి ఎదురుచూసింది.