తలుపు చూడందే తాళంచెవి లేదు

తాళాలాయన నెలాఖరుకి కొట్టు మూసేస్తాడట, ఎదురు కొట్టులోనే జీతానికి కుదురుతాడట. ఈ మాట అన్నది ఇస్త్రీ బండి పిన్ని. విన్నది టైలరు. మోసుకొచ్చి తాళాలాయన పెళ్లాం చెవిన వేసింది పాలు పోసే ఆమె. అన్ని నోళ్లు తిరిగేసరికి జీతం ఎంతో కూడా ఖాయమైపోయింది.

ఆవిడ సరాసరి కొట్టు మీదికొచ్చి పడింది. అప్పుడే మొగుడు ఒక పెద్దమనిషిని వెనక్కి పంపుతున్నాడు.

"తాళంచెవి తెస్తే సరిపోదు బాబూ. తలుపు చూడాలి. అది మీదేనని పక్కింటివాళ్లు చెప్పాలి. అప్పుడే మారుతాళం చేస్తా."

ఆ పెద్దమనిషి నవ్వుకుంటూ రోడ్డు దాటి ఎదురు కొట్టుకి పోయాడు. అక్కడ మిషను కిర్రుమందంటే రెండు నిమిషాల్లో తాళంచెవి చేతిలో పడుతుంది. ఎవరిదని అడిగేవాడు లేడు.

"నువ్వు తాళాలు చేస్తున్నావా, పెళ్లిసంబంధాలు చూస్తున్నావా?" అంది పెళ్లాం.

ఆమె వెంటే వచ్చిన తమ్ముడు, వ్యాపారం గురించి కాలేజీలో చదివినవాడు, అందుకున్నాడు. "విలువలు అద్దం కట్టించి గోడకి తగిలించుకోవాలి బావా. బేరంలోకి తెస్తే ఎలా?"

"మా నాన్న గోడకి తగిలించలేదురా. నా చెవి మెలిపెట్టి చెప్పాడు. ఇంకా నొప్పెడుతోంది."

"నెలాఖరు దాకా చూస్తా. తర్వాత నువ్వూ ఆ మిషను ముందు నిలబడాల్సిందే," అని ఆవిడ తేల్చేసింది.

చివరి రోజు మధ్యాహ్నం ఆవిడా తమ్ముడూ పనిముట్లు మూటగడుతుంటే, ఎదురు కొట్టు యజమానే వచ్చాడు. షట్టరు చాటున ఒదిగి గొంతు తగ్గించాడు.

"అన్నా, మా కొట్టుకి కొత్త తాళం వెయ్యాలి. సామాను మాయమవుతోంది. పనివాళ్లు నలుగురు. ఎవడి జేబులో ఎన్ని మారుతాళాలున్నాయో! మా మిషను ఎవడడిగినా చేసిచ్చేస్తుంది. నువ్వైతే చెయ్యవు. ఇకమీద మా మూడు కొట్ల పనీ నీదే."

బావమరిది తెరిచిన నోరు మూయడం మర్చిపోయాడు.

"పద, తలుపు చూద్దాం," అన్నాడు తాళాలాయన.

"చూసేదేముంది, రోజూ నీ కళ్లెదుటే ఉంటేనూ! కాకపోతే కొట్టు మా ఆవిడ పేరున ఉంది. ఆవిడకి తెలియకుండా కానిచ్చెయ్. ఈ దొంగతనం సంగతి తెలిస్తే నన్ను బతకనివ్వదు."

తాళాలాయన పెళ్లాం వైపు చూశాడు. ఆవిడ మూట విప్పింది. సుత్తి తీసి మళ్లీ బల్లమీద, దాని చోట్లో పెట్టింది.

"అయితే ఆవిణ్ణే తీసుకురా. నువ్వెవరో మాకేం తెలుసు?" అంది.