మోగగానే ఆగిపోవాలి

నేను ఒక గంటను. గుళ్ళో గంటననుకుని దండం పెట్టేరు. నెత్తిన వేలితో నొక్కితే ‘టింగ్’మనే బల్లగంటను. ఇత్తడి పని చేసే ఓ రేకుల షెడ్డులో పుట్టాను. కొంతకాలం ఓ లాడ్జీ కౌంటరు మీద కునికిపాట్లు పడే గుమాస్తాను లేపుతూ బతికాను. లాడ్జీ మూతపడ్డాక, కాకినాడలో పన్నుల సలహాదారుగా పేరున్న పరాంకుశం గారు నన్ను కొనుక్కుని, తాను సాయంత్రాలు పాఠం చెప్పే లా కాలేజీకి పట్టుకుపోయారు.

ఆయన పద్ధతి వేరు. తాను పన్ను ఆఫీసరుగా కూర్చునేవారు. విద్యార్థి కక్షిదారు తరఫున మాట్లాడాలి. అడగనిది ఒక్క ముక్క చెప్పినా నన్ను మోగించేవారు. మోగగానే మాట మధ్యలోనైనా ఆగిపోవాలి. మనం నోరు జారితే మునిగేది కక్షిదారు కొంప అనేవారు. నిజమే. కానీ అన్నేళ్ళు బడికి పంపి మాటలు నేర్పించి, చివర్లో నోరు మూయించడానికి నన్ను పెట్టుకున్నారే అని నాకు నవ్వొచ్చేది.

వర్ధని అనే అమ్మాయి మొదట్లో నా చేత తెగ మోగించుకునేది. ఏడాది తిరిగేసరికి నేను మోగీ మోగకముందే పెదవులు బిగించేది. పరాంకుశం గారు మురిసిపోయారు. చదువు ముగించి లాయరు కాగానే ఆమెను జూనియరుగా చేర్చుకుని ఒక కేసు అప్పగించారు.

అది పిండిమర బంగారయ్య కేసు. కమ్యూనిటీ హాలు కట్టుకుందామని పేటవాళ్ళు పోగేసిన చందాలు, నమ్మకం కొద్దీ అతని బ్యాంకు ఖాతాలో వేశారు. అదంతా అతని ఆదాయమేనంటూ నోటీసు వచ్చింది. ఆ సొమ్ము తమదేనని చెప్పడానికి విచారణ రోజున పేటవాళ్ళు వచ్చి పన్ను ఆఫీసు వరండాలో కూర్చున్నారు. వాళ్ళను లోపలికి పిలిపించమని వర్ధని అడగాలి.

అడగడం మొదలుపెట్టింది కూడా. అంతలో ఆఫీసరు టీ కోసం తన బల్ల మీది గంట నొక్కాడు. వర్ధని ఠక్కున ఆగిపోయింది. చెప్పేది అయిపోయిందనుకుని ఆయన తరువాతి కేసు పిలిచేశాడు.

ఈ సంగతంతా, సొమ్మంతా అతనిదేనని ఉత్తర్వు వచ్చాక బంగారయ్య కాలేజీకి వచ్చినప్పుడు విన్నాను. అప్పీలుకు వెళ్దామన్నారు పరాంకుశం గారు. అతను తల అడ్డంగా ఊపాడు. పన్ను కట్టడానికి అప్పటికే మర అమ్మకానికి పెట్టేశాడు.

“అమ్మగారూ, మావోళ్ళు సాయంత్రం దాకా ఆ బెంచీ మీదే కూకున్నారండి. పిలుత్తారేమోనని టీకి కూడా లెగలేదండి” అన్నాడు వర్ధనితో. అతని గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేదనిపించింది నాకు.

ఎందుకు ఆగిపోయావని గురువుగారు అడిగారు.

“గంట మోగింది సార్” అంది.

ఆయన మళ్ళీ నన్ను మోగించలేదు. పాఠాలు చెప్పే గది పక్కనే ఉన్న స్టోరు రూములో, రెక్క విరిగిన ఫ్యాను పక్కన పడేశారు. ఆయన పోయాక పాఠాలు వర్ధనే చెబుతోంది. గంట లేకుండానే చెబుతోంది. పిల్లలు అడ్డూ ఆపూ లేకుండా మాట్లాడుతుంటే గోడ ఇవతల నుంచి వింటుంటాను.

మొన్న గది సర్దుతున్న అటెండరు చెయ్యి తగిలి నేను కింద పడ్డాను. పడితే ఊరుకుంటానా, మోగాను. గోడ అవతల ఆమె గొంతు మాట మధ్యలో ఆగిపోయింది. మళ్ళీ అందుకుంటుందని చాలాసేపు చూశాను.

చివరికి ఎవరో పిల్ల మెల్లగా అడిగింది, “తర్వాత ఏంటి మేడమ్?” అని.