సేకరించినవారి పేరు

“రేపు అరగంటలో ముగించెయ్యండి, దోన్యా ఒబ్దూలియా. గవర్నరుగారి భార్యకి మోకాళ్ళ నొప్పులట.”

మ్యూజియం డైరెక్టరు ఈ మాట అన్నప్పుడు నేను ఎండుమొక్కల గదిలో గాజు బీరువాలు తుడుస్తున్నాను. నాకు ఎనభై ఒక్క సంవత్సరాలు; ఇక్కడ అందరూ నన్ను దోన్యా, అంటే అమ్మగారు, అని పిలుస్తారు. ఒకప్పుడు సన్యాసుల మఠంగా ఉండి తరువాత విశ్వవిద్యాలయానికి దక్కిన ఈ భవనంలో నలభై ఒక్క సంవత్సరాలుగా సందర్శకులను నడిపిస్తున్నాను. మొదట పక్షుల గది, తరువాత వెనుకటి వైద్యులు శవాలను కోసి పాఠం చెప్పిన బల్ల, తరువాత లోపలి తోట, చివరకు మేడ మీద ఈ గది. రోజుకు మూడు విడతలు. ఒక్కొక్క విడతకు తొంభై రెండు మెట్లు. ఆ మెట్లు ఎక్కి దిగే మోకాళ్ళ సంగతి ఇన్నేళ్ళలో ఒక్కరూ అడగలేదు. నా పదవికి గౌరవ మార్గదర్శి అని పేరు. అంటే జీతం ఉండదు, ఛాతీ మీద పెట్టుకోవడానికి ఒక బిళ్ళ మాత్రం ఉంటుంది. భూకంపం వచ్చిన మరుసటి సంవత్సరం, కూలిన గోడలు మళ్ళీ లేపి తలుపులు తెరిచినప్పుడు, జనానికి వివరించి చెప్పే మనిషి లేకపోయింది. నా భర్త లిసాంద్రో ఇక్కడే వృక్షశాస్త్రం చెప్పేవారు. ఆయన రాత్రి భోజనం దగ్గర అన్న మాట నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. “ఎట్లాగూ నీకివన్నీ నోటికొచ్చు. వంటయ్యాక వచ్చి చెప్పిపోతూ ఉండు. ఇంట్లో కూర్చుని చేసేదేముంది?” ఆ రాత్రి ఆయన తింటున్న పులుసు, పడుకోబోయే దుప్పటి, మర్నాడు తొడగబోయే చొక్కా, అన్నీ ఇంట్లో కూర్చుని నేను చేసినవే.

పగలంతా వందమందితో మాట్లాడతాను. ఐదు గంటలకు తలుపులు మూశాక మరునాడు తొమ్మిది దాకా నాతో మాట్లాడే మనిషి ఉండదు. ఆయన పోయి పంతొమ్మిదేళ్ళయింది. ఇంట్లో ఒక్క గిన్నెలో బంగాళాదుంపల పులుసు కాచుకుని, పొయ్యి పక్కనే నిలబడి తాగి, గిన్నె కడిగి బోర్లించేస్తాను. ఎవరైనా పలకరిస్తే బాగుండునని అనిపించే గంట ఒకటి ఉంటుంది, చర్చిలో ఆరు గంటల గంట మోగాక. ఆ గంటలో నేను మర్నాటి ప్రసంగాన్ని గోడకు వల్లించుకుంటాను. “ఈ గదిలోని నాలుగు వేల మొక్కలను ఆచార్య లిసాంద్రో, ఒంటరిగా, కాలినడకన, మబ్బులకు పైనున్న చలిమైదానాల నుంచి సేకరించారు...” గోడ ఎన్నడూ అడ్డు చెప్పలేదు.

ఆ నాలుగు వేల మొక్కలనూ కాగితాల మీద కుట్టింది నేను. చిన్నప్పుడు చదివిన సన్యాసినుల మఠం బడిలో మదర్ అసుంసియోన్ నేర్పిన కుట్టు అది. దారం కాడను పట్టుకుంటుంది కాని కోయదు. ప్రతి కాగితానికీ కుడివైపు కింద ఒక చీటీ ఉంటుంది: మొక్క పేరు, దొరికిన చోటు, ఎత్తు, తేదీ, చివరి వరుసలో ‘సేకరించినవారు’. ఆ చీటీలన్నీ నా చేతిరాతే. చివరి వరుసలో నాలుగు వేల సార్లు నా భర్త పేరు రాశాను. ఆయన భుజం మీదుగా వంగి చూసి మురిసిపోయేవారు. “నా పేరు నీ అంత అందంగా ఇంకెవరూ రాయలేరు, ఒబ్దూలియా.” పెళ్ళయిన రెండో సంవత్సరంలో, చీటీ అడుగున చిన్న అక్షరాలతో ‘రాసినవారు’ అని నా పేరు కూడా వేసుకోవచ్చా అని అడిగాను. ఆయన కన్నా ముందు అత్తగారు నవ్వారు. “మొగుడి పేరు రాశాక నీ పేరు రాసినట్టు కాదా అమ్మాయీ? పెళ్ళిలో ఫాదర్ గారు చెప్పింది వినలేదా, ఇద్దరూ ఒకటేనని?” ఇద్దరూ ఒకటే. ఆ ఒకటి ఆయన.

ఆయన పోయిన తరువాత నేను ఉత్తరాలు రాయడం మొదలుపెట్టాను. ఒకరి తరువాత ఒకరు ఐదుగురు డైరెక్టర్లకు రాశాను. నాకు జాలి అక్కరలేదు, న్యాయం కావాలని రాశాను. చివరకు ఈ గదికి లిసాంద్రో పేరు పెట్టాలని నిశ్చయించినప్పుడు, గుమ్మం మీది పలకపై నా పేరు కూడా వేయడానికి ప్రస్తుతపు డైరెక్టరు నా పట్టు వదిలించుకోలేక ఒప్పుకున్నాడు. ‘సతీమణి సహకారంతో’ అని అతను రాసుకొచ్చిన మాటను నేను కొట్టివేసి, ‘ఈ మొక్కలను కుట్టి, వాటి వివరాలు రాసినది ఒబ్దూలియా రెన్హీఫో’ అని రాయించాను. నా పుట్టింటి పేరుతో. ఇత్తడి పలక నిన్ననే వచ్చింది. ఎవరూ లేనప్పుడు కాగితం విప్పి, నా పేరు మీద వేలు పెట్టి చూసుకున్నాను. లోహం చల్లగా ఉంది. రేపు గవర్నరు వచ్చి దాన్ని ఆవిష్కరిస్తాడు.

డైరెక్టరు వెళ్ళిపోయాక గది మూల నుంచి యామిలేత్ పిలిచింది. కొండ అవతలి ఊరి నుంచి వచ్చి చదువుకుంటున్న పిల్ల. రెండేళ్ళుగా ఈ కాగితాలన్నిటికీ ఫొటోలు తీసి కంప్యూటరులోకి ఎక్కిస్తోంది. నోటికి అదుపు లేదు కాని చేతికి ఉంది. అందుకే సహిస్తాను.

“దోన్యా, ఒకసారి ఇటు రండి. మీవారు డాక్టరు లిసాంద్రోగారికి రెక్కలుండేవా ఏమిటి?”

“నోరు అదుపులో పెట్టుకుని అడుగు.”

“అదుపులో పెట్టుకునే అడుగుతున్నా. ఇదిగో చూడండి.” ఆమె ముందున్నది ఎర్ర అట్టలో భద్రపరిచిన కాగితం. లోకానికి కొత్తదని తేలిన మొక్క మొట్టమొదటి నమూనాను ఎర్ర అట్టలో ఉంచుతారు. వేలెడంత కాడ, ఊదారంగు పువ్వు. దాని లాటిన్ పేరులో నా భర్త ఇంటిపేరు ఉంది. “పద్నాలుగు జూన్ డెబ్భై ఒకటి, ఈ కొండ మీద కోశారని ఉంది. రాజధాని మ్యూజియంలో ఇంకో మొక్క ఉంది, అది ఆ ఊరి దగ్గర ఆయనే కోశారు. అదే తేదీ. అక్కడి చీటీ ఆయన చేతిరాతే. మధ్యన అప్పట్లో ఎన్ని గంటల బస్సు?”

“పద్దెనిమిది.”

“అదే కదా నేననేది! మీరు తేదీ పొరపాటున వేసుంటారు, పోనీ దిద్దేద్దాం.”

“నా చేత తేదీ పొరపాటు జరగదు.”

నా గొంతులోని గర్వాన్ని నేనే విన్నాను. యామిలేత్ గట్టిగా నిట్టూర్చింది. “నేనూ అదే అనుకున్నా. ఎందుకంటే ఇదొక్కటే కాదు దోన్యా. ఆయన ఊళ్ళో లేని రోజులవి ఇరవై ఆరు దొరికాయి. ఇంకో చిత్రం చెప్పనా? అన్నీ సోమవారాలే. సోమవారం ఏముండేది మీ ఇంట్లో?”

సోమవారం ఎదువీహిస్ వచ్చేది.

ఎదువీహిస్ కిలిందో మా ఇంట్లో ఇరవై రెండేళ్ళు వంట చేసింది. పదిహేను రోజులకొకసారి శనివారం కొండ మీది తన ఊరికి వెళ్ళి, సోమవారం తెల్లవారి పాల లారీలో దిగేది. తల మీది టోపీ చేతిలో ఉండేది. టోపీలో తడి నాచు, నాచులో లారీ ఎక్కేముందు కోసిన మొక్కలు. మొదట లిసాంద్రో వేళాకోళంగా అడిగారు, “మీ ఊళ్ళో నేనెరగని మొక్కలేమైనా ఉన్నాయా?” అని. తరువాత వేళాకోళం మాని అడిగారు. ఆయన మోకాళ్ళు నలభై ఏళ్ళకే పోయాయి. చలిమైదానం ఎక్కడం ఎప్పుడో మానేశారు. ఆ ఊదారంగు పువ్వును ఆమె బల్ల మీద పెట్టినప్పటి మాటలు కూడా నాకు గుర్తున్నాయి. “ఇది చెవిపోటుకి, దోన్యా. కాచకూడదు, పచ్చిదే నలిపి పిండాలి. వాగుకి ఎడమ పక్కన, నల్లబండ కింద, పొద్దుటి ఎండ ఒక్కటే పడేచోట ఉంటుంది. మా అమ్మ చూపించింది.” ఆమె దుంపలు చెక్కుతూ చెబుతుంటే నేను అదే బల్లకు రెండో వైపు కూర్చుని రాసుకున్నాను. చీటీలో ఈనాటికీ ఆ మాటలే ఉన్నాయి: వాగుకు ఎడమ ఒడ్డు, నల్లని శిల నీడన, ఉదయపు ఎండ. ఆమె మాటలకు నేను మంచి భాష తొడిగాను. తరువాత చివరి వరుసకు వచ్చాను.

అప్పుడామె అడిగింది. చదవడం రాదు కనుక వేలితో చూపించి అడిగింది. “ఇక్కడేం రాస్తున్నారు?”

“డాక్టరుగారి పేరు.”

“ఓహో. ఆయన ఊళ్ళో లేరు కదా?”

“పులుసు పొంగుతోంది, చూడు,” అన్నాను.

పులుసు పొంగడం లేదు. ఆమె లేచి వెళ్ళి చూసి, మూత సరిచేసి, మళ్ళీ వచ్చి కూర్చుని దుంపలు అందుకుంది. ఆ ప్రశ్న మళ్ళీ ఎన్నడూ వేయలేదు. మొక్కలు తేవడం మాత్రం మానలేదు. ముసలిదయ్యాక ఒక ఉన్ని దుప్పటి ఇచ్చి పంపించాం. పోయిందని కబురు వచ్చినప్పుడు ఈస్టరుకు ముందటి పవిత్ర వారం. ఊరేగింపులకు వచ్చిన యాత్రికులతో మ్యూజియం కిటకిటలాడుతోంది. నేను వెళ్ళలేదు. ఆ పూట కూడా ఈ ఎర్ర అట్ట ముందే నిలబడి “ఒంటరిగా, కాలినడకన” అని చెప్పి ఉంటాను.

మఠం బడిలో ప్రతి సాయంత్రం మోకరించి మనస్సాక్షిని పరీక్షించుకునేవాళ్ళం. ఆ అలవాటు నేను ఒక్కరోజు కూడా తప్పలేదు. అరవై ఏళ్ళకు పైగా ప్రతి సాయంత్రం నాకు జరిగిన అన్యాయాన్ని దేవుడికి అప్పజెప్పాను. నా భర్త నన్ను మింగేశాడని, అత్తగారు నవ్విందని, డైరెక్టర్లు బదులివ్వలేదని చెప్పుకున్నాను. ఆ వంటింటి బల్ల మాత్రం ఒక్కసారీ నా పరీక్షలోకి రాలేదు. నా భర్త ఎదువీహిస్ పేరు రాయవద్దని నాకెన్నడూ చెప్పలేదు. చెప్పవలసిన అవసరం ఆయనకు రాలేదు. నాకు జరిగితే అన్యాయమన్నదాన్నే ఆమెకు జరిపి, అలవాటని సరిపెట్టుకున్నాను. నా ఒంటరితనంలో ఇంకొకరికి చోటుండేదని, బల్లకు అవతల ఒక మనిషి ఇరవై రెండేళ్ళు కూర్చునే ఉందని, ఎనభై ఒకటో ఏట ఒక పిల్ల లెక్క చూపిస్తే తెలిసింది.

“ఎవరావిడ, దోన్యా?” ఆ పేరు నేను పైకే అన్నానేమో, యామిలేత్ అడుగుతోంది.

“మా ఇంట్లో వంట...” అని ఆగాను. “ఈ మొక్కను కోసిన మనిషి.”

మా పనిలో ఒక నియమం ఉంది. పాత చీటీ ఎంత తప్పైనా చింపకూడదు, చెరపకూడదు. దాని పక్కన కొత్త చీటీ అంటించాలి. సరైన సంగతి రాయాలి, ఏ ఆధారంతో అంటున్నావో రాయాలి, సంతకం చేయాలి. తప్పూ దిద్దుబాటూ ఒకే కాగితం మీద పక్కపక్కన ఉండిపోతాయి. “ఖాళీ చీటీలు తీసుకురా,” అన్నాను.

యామిలేత్ కదలలేదు. “తెస్తాను. కానీ ఒక్కమాట వింటారా? ఎల్లుండి అంటిద్దాం. రేపు పలక బిగించెయ్యనివ్వండి. బిగించాక ఎవడూ పీకడు. మీ పేరూ ఉంటుంది, ఆవిడ పేరూ ఉంటుంది. నేను ఎవరికీ చెప్పను, మా అమ్మ మీద ఒట్టు.”

ఆ పిల్ల నా మేలు కోరే అంది. నేను కూడా వెంటనే కాదనలేకపోయాను. ఎల్లుండి అంటే ఒక్క రోజే. కాని ఆ ఒక్క రోజులో గవర్నరు ముందు నిలబడి, “ఒంటరిగా, కాలినడకన” అని నేను మరోసారి చెప్పాలి. ఇన్నాళ్ళూ తెలియకుండా చెప్పానని సరిపెట్టుకోవచ్చు. రేపు తెలిసి చెబుతాను.

“తీసుకురా,” అన్నాను మళ్ళీ.

అంతలో మరిచిపోయిన కళ్ళజోడు కోసం డైరెక్టరు వెనక్కి వచ్చాడు. విషయం విని కుర్చీలో కూలబడ్డాడు. “దోన్యా ఒబ్దూలియా, దేవుడి తోడు, ఇవాళే గుర్తొచ్చిందా మీకు? సేకరించింది ఆయన కాదంటే గదికి ఆయన పేరెట్లా పెడతాం? గదికి పేరు లేకపోతే పలకా లేదు. మళ్ళీ కమిటీకి పోతుంది. కమిటీ అంటే తెలుసుగా మీకు, మూడేళ్ళు!”

“తెలుసు, డైరెక్టరుగారూ.”

“మీ వయసెంత?”

“అదీ తెలుసు.”

“ఒక పనిమనిషి కోసం...”

“ఆవిడకు పేరుంది, డైరెక్టరుగారూ. రాస్తున్నాను, చూడండి.”

అతను ఇంకా ఏదో అంటూనే ఉన్నాడు. యామిలేత్ నా ముందు చీటీ పెట్టి, సిరా సీసా మూత తిప్పి, దీపం దగ్గరకు జరిపింది. నా అక్షరాలు ఈ మధ్య వంకరపోతున్నాయి. మదర్ అసుంసియోన్ చూస్తే మళ్ళీ రాయమనేది. సేకరించినవారు అన్న చోట ‘ఎదువీహిస్ కిలిందో’ అని రాశాను. ఆధారం అన్న చోట ‘మొదటి చీటీలో అబద్ధం రాసిన చెయ్యి నాదే’ అని రాసి, దాని కింద, ఆ నాలుగు వేల కాగితాలలో మొట్టమొదటిసారిగా, నా పేరు పెట్టాను.