రెండు గంటల కూత

కాగజ్‌నగర్ కాగితపు మిల్లు మూతపడి ఉన్న ఏళ్ల మీద పద్మలత రాస్తున్న పుస్తకంలో ఒక్క పేరా మాత్రమే తేలకుండా ఉంది. అది కమలవ్వ చెప్పింది. ఉంచాలా, తీసేయాలా?

మంచిర్యాల కాలేజీలో చరిత్ర చెప్పిన రోజుల్లో ఇలాంటి చిక్కు వస్తే ఓంప్రకాశ్ ఉండేవారు. ఆయనది అర్థశాస్త్రం. చరిత్ర సామాజిక శాస్త్రమని ఆయన, శాస్త్రమైనా రాసే చేతికి కళ కావాలని ఆమె, స్టాఫ్‌రూములో చాయ్ చల్లారేదాకా వాదించుకునేవారు. ఆమె రాసిన ప్రతి కాగితం ముందు ఆయన దగ్గరికే వెళ్లేది, అంచున ఎర్ర పెన్సిలు రాతలతో తిరిగొచ్చేది. "సాక్ష్యం దొరకని కాడ మీరు వెన్నెల పోస్తరు మేడం," అని ఎగతాళి చేసేవారు. పోయిన ఎండాకాలం ఆయన కన్నుమూశారు.

కమలవ్వ భర్త లచ్చయ్య మిల్లు కార్మికుడు. మధ్యాహ్నం రెండు గంటలకు షిఫ్టు దిగే సైరన్ వినగానే ఆమె ఎసరు పెట్టేది. మిల్లు మూతపడ్డాక అతను పని వెతుక్కుంటూ పోయి, పరాయి ఊళ్లోనే చనిపోయాడు. అయినా రోజూ ఎసరు పెట్టేదాన్నని, సైరన్ వినిపించేదని కమలవ్వ చెప్పింది. వాడలో ఇంకెవరూ వినలేదు. మూసిన మిల్లులో సైరన్ ఎట్లా మోగుతుందని పద్మలత అడిగింది.

"గదెట్లనో నాకెర్కలేదు మేడం. నాకైతే ఇనవడ్డది." ఆమే మళ్లీ అంది: "మిల్లు మల్ల తెరిచినంక నిజంగనే కూసింది. గా దినం నేను ఎసరు పెట్టలే. కూత వచ్చింది గని, మనిషి రాలే."

ఓంప్రకాశ్ ఉండి ఉంటే, తప్పుడు సాక్ష్యం, కొట్టేయండి, అనేవారు. సైరన్ అబద్ధమే, కానీ ఉడికిన అన్నం నిజం కదా, కారణం దొరకలేదని పర్యవసానాన్ని ఎట్లా వదిలేస్తామని పద్మలత అడిగేది. దానికి ఆయన ఏమనేవారు? పద్మలత ఒకటి రెండు జవాబులు అల్లి చూసింది. ఏదీ ఆయన మాటంత పదునుగా లేదు.

చివరికి ఇట్లా రాసింది: "మిల్లు మూసి ఉన్న కాలంలో సైరన్ మోగలేదు. కమలవ్వ విన్నది."

ప్రింటు తీసిన కాగితానికి కుడివైపు నాలుగు వేళ్ల ఖాళీ ఉంది. ఆయన పోయాక రాసిన ప్రతి పేజీకీ కూడా ఉంది. ఇంత అంచు దేనికని పబ్లిషర్ అడిగితే అలవాటని చెప్పింది. ఇప్పుడు కూర్చుని పేజీలన్నిటి అంచూ తగ్గించింది. కమలవ్వ మాట ఉన్న ఆ ఒక్క పేజీని మాత్రం అట్లాగే వదిలేసింది.